భీముని పాదానికి బూటు దొరికేనా?

బండలెక్కే కుర్రకారుకు వెడల్పు పాదాల చిక్కు - కొలత తెలిస్తే తీరే సమస్యే

(మా గ్రామీణ విలేకరి)

మహబూబాబాదు జిల్లా గూడూరు మండలంలో భీముని పాదం అనే జలపాతం ఉంది. వానకాలంలో చూడవచ్చిన వారికి అక్కడి పెద్దలు చెప్పే మాట ఒకటే. భీముడు మోపిన అడుగే అలా నిలిచిపోయిందట. భూపాలపల్లి జిల్లా రేగొండ మండలంలో పాండవుల గుట్ట ఉంది. అక్కడ కూడా పాండవులు తలదాచుకున్నారని జనం నమ్మకం. ఆ గుట్ట గుహల్లో ఆదిమానవుడు గీసిన బొమ్మలు 1990లో వెలుగులోకి వచ్చాయి. అదే గుట్ట మీద ఇప్పుడు కుర్రకారు నడుముకు తాళ్ళు కట్టుకుని బండలెక్కడం నేర్చుకుంటున్నారు.

భీముని కథ ఎలా ఉన్నా, మన పల్లెల కుర్రవాళ్ళలో చాలామందిది భీముని పాదమే. చిన్ననాటి నుంచి ఒట్టి కాళ్ళతో చేలగట్ల మీద తిరిగిన పాదం చాటలా విచ్చుకుని ఉంటుంది. బజారులో దొరికే బూటు అందులో సగానికే సరిపోతుంది. మామూలు బూటైతే ఇరుకైనా ఎలాగో సర్దుకోవచ్చు. బండలెక్కే బూటు విషయంలో అలా సర్దుకుంటే ప్రమాదమే. ఈ సంగతి ఒక కుర్రవాని అనుభవంతో ఈ విలేకరికి తెలిసి వచ్చింది.

రెండు నంబర్లు పెద్ద బూటు

కుర్రవానిది జనగామ జిల్లాలో ఒక పల్లె. కల్లు గీసే ఇంటి బిడ్డ. వయసు పందొమ్మిది. పదేళ్ళు నిండకముందే తాతతో పాటు తాటిచెట్టు ఎక్కినవాడు. బండలెక్కడం నేర్చుకుని, పర్వతారోహణ శిక్షణకు వెళ్ళి, తానే నలుగురికి నేర్పేవాడు కావాలని అతని కోరిక. శిబిరంలో మెత్తని సోలున్న మామూలు బూట్లతో బాగానే ఎక్కాడు. ఇక అసలైన బూట్లు కొనుక్కోమన్నారు. ఇంట్లో రెండు మేకలు అమ్మి డబ్బు ఇచ్చారు.

పట్నంలో ఒక దుకాణానికి వెళ్ళాడు. అతని కాలి పొడవుకు ఏడో నంబరు సరిపోతుంది. కాని ఏడో నంబరులో వేళ్ళు దూరలేదు. ఎనిమిది తొడిగితే చిటికెనవేలు మంట. "తొమ్మిది తీసుకో తమ్మీ, ఫ్రీగా ఉంటది" అన్నాడు దుకాణంలోని మనిషి. కుర్రవాడు తొమ్మిదే కొన్నాడు.

తరువాతి వారం బండ మీద పది పన్నెండు అడుగులు ఎక్కాడు. వేలెడు మందం కూడా లేని రాతి అంచు మీద కాలిమునివేళ్ళు మోపాడు. మోపింది బూటు ముక్కునే గాని, లోపల వేళ్ళు అక్కడ లేవు. ముందున్న ఖాళీ మడతపడి కాలు జారింది. తాడు ఉంది గనుక ప్రాణానికి ముప్పు రాలేదు. మోకాలు మాత్రం చీరుకుపోయింది.

ఇంటికి వచ్చాక తల్లి ఒకటే మాట అన్నది. "నీ కాళ్ళకు గా బూట్లు రాసిపెట్టి లేవు కొడుకా. ఇగ సాలు." కుర్రవాడు కూడా తన పాదమే తప్పనుకున్నాడు. మరో నెలలో శిక్షణకు పేరు ఇవ్వాలి. ఇవ్వనని తేల్చి చెప్పాడు.

ఇక్కడే పాఠకులు ఒక లెక్క గమనించాలి. మన దుకాణాల్లో బూటుకు వేసే నంబరు ఇంగ్లీషువారి కొలత. ఒక్కో నంబరుకు పొడవు అంగుళంలో మూడో వంతు, అంటే సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. రెండు నంబర్లు పెంచితే పదిహేడు మిల్లీమీటర్లు. వెడల్పు మాత్రం నంబరుకు రెండు మూడు మిల్లీమీటర్లకు మించి పెరగదు. కుర్రవాడు నాలుగైదు మిల్లీమీటర్ల వెడల్పు కోసం పదిహేడు మిల్లీమీటర్ల పొడవు కొనుక్కున్నాడన్నమాట. ఆ పొడవే అతన్ని జార్చింది.

బండ బూటు కథ

బండలెక్కే బూటు మనం తొడిగే బూటులాంటిది కాదు. దీని సోలుకు గాళ్ళు, గాట్లు ఉండవు. నున్నగా, జిగటగా ఉండే రబ్బరు వేస్తారు. పాదానికి చర్మంలా అంటుకుని ఉండాలి. చాలామంది మేజోళ్ళు కూడా వేసుకోరు. కాలివేళ్ళ బలమంతా బూటు కొసకు చేరి, చిన్న గింజంత రాయిని కూడా పట్టుకోవాలి. అదీ దీని పని.

ఇలాంటి బూటును 1930 దశకంలో ఫ్రాన్సుకు చెందిన పియర్ అల్లెన్ అనే పర్వతారోహకుడు రూపొందించాడు. 1980 దశకం ఆరంభంలో స్పెయిన్‌కు చెందిన బోరియల్ సంస్థ జిగట రబ్బరు బూటు తెచ్చింది. అంతకుముందు జారిపోయిన బండల మీద కూడా ఆ బూటుతో నిలబడగలిగారు. ఇటలీలోని లా స్పోర్టివా, స్కార్పా సంస్థలూ ఈ రంగంలో పేరుపడ్డవే. ఇవన్నీ తమ దేశాల పాదాలను చూసి తయారు చేసుకున్న అచ్చుల మీద కుట్టిన బూట్లు. ఆ అచ్చుల్లో చాలావరకు సన్నవి. మన పాదాలు ఆ అచ్చులో ఇమడకపోవడంలో వింత లేదు.

ఎవరెస్టు ఎక్కే బూటు వేరు, ఇది వేరు. 2014 మే 25న నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు శిఖరం చేరింది. ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ ఆమెతో పాటే శిఖరం చేరాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. మంచు కొండ మీద తొడిగేది మందపాటి బూటు. లోపల మేజోళ్ళకు, వేళ్ళ కదలికకు జాగా వదలాలి. లేకుంటే నెత్తురు ఆడక వేళ్ళు గడ్డకడతాయి. కాని ఆ పిల్లలు మొదట అభ్యాసం చేసింది భువనగిరి బండ మీదనే. జనగామ నుంచి ఆలేరు దాటితే వచ్చే ఆ ఏకశిల మీద బండలెక్కే పాఠశాల ఉంది. మన జిల్లాల పిల్లలకు ఎవరెస్టు దూరం కావచ్చు గాని, భువనగిరి, పాండవుల గుట్ట దూరం కావు.

పాదానిది తప్పు కాదు

వెడల్పు పాదం లోపమని కొందరి భావం. అది పొరపాటు. 2009లో బెల్జియం శాస్త్రజ్ఞులు దక్షిణ భారతదేశంలో చెప్పులు లేకుండా తిరిగే వారి పాదాలను, చెప్పులు తొడిగేవారి పాదాలతో పోల్చి పరిశీలించారు. చెప్పులు లేనివారి పాదాలు ముందు భాగంలో వెడల్పుగా ఉన్నాయని, నడిచేటప్పుడు ఒంటి బరువు పాదమంతా సమంగా పరుచుకుంటున్నదని తేలింది. అంతకుముందు 1992లో మన దేశపు వైద్యులే 2,300 మంది పిల్లల పాదముద్రలు తీసి చూశారు. చెప్పులు తొడిగే పిల్లల్లో నూటికి ఎనిమిదిన్నర మందికి చదును పాదం ఉంటే, ఒట్టి కాళ్ళ పిల్లల్లో ముగ్గురికి మించి లేదు. కనుక ఒట్టి కాళ్ళతో పెరిగిన పాదం బలహీనమైనది కాదు.

ఈ వెడల్పు పల్లెకు మాత్రమే పరిమితం కాదు. చెన్నైలోని కేంద్ర తోళ్ళ పరిశోధనా సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలోని 79 చోట్ల 1,01,880 మంది పాదాలను యంత్రాలతో కొలిచింది. ఐరోపా, అమెరికా వారి పాదాల కన్నా భారతీయుల పాదాలు వెడల్పని తేల్చింది. బూటు ఇరుకు కావడంతో జనం అవసరానికి మించిన పొడవు బూట్లు కొంటున్నారని కూడా ఆ పరిశీలనలో బయటపడింది. జనగామ కుర్రవాడు చేసింది దేశమంతా చేస్తున్న పనేనన్నమాట. ఇంగ్లీషు నంబర్లకు బదులు మన పాదాలకు తగిన కొత్త కొలతను ఆ సంస్థ ప్రతిపాదించింది. భారత్ అనే మాటలోని మొదటి అక్షరంతో దానికి 'భా' అని పేరు పెట్టారు.

ఇంట్లోనే కొలత

దుకాణానికి వెళ్ళే ముందు పాదం కొలుచుకోవాలి. దీనికి పైసా ఖర్చు లేదు. సాయంత్రం పూట కొలవడం మేలు. పగలంతా తిరిగిన పాదం సాయంత్రానికి కాస్త ఉబ్బుతుంది.

గచ్చు మీద తెల్ల కాగితం పరిచి, మడమ గోడకు ఆనేలా నిలబడాలి. బరువు రెండు కాళ్ళ మీదా సమంగా ఉండాలి. మరొకరు పెన్సిలు నిటారుగా పట్టి పాదం చుట్టూ గీత గీయాలి. పెన్సిలు లోపలికి వాలితే కొలత తప్పుతుంది. మడమ నుంచి అన్నిటికన్నా పొడవైన వేలి కొస వరకు ఒక కొలత. బొటనవేలి మొదలు నుంచి చిటికెనవేలి మొదలు వరకు, ఎక్కడ ఎక్కువ వెడల్పు ఉంటే అక్కడ రెండో కొలత. దర్జీ టేపును అదే చోట పాదం చుట్టూ తిప్పితే మూడో కొలత. రెండు పాదాలూ కొలవాలి. చాలామందికి ఒకటి కాస్త పెద్దగా ఉంటుంది. పెద్దదాని కొలతే లెక్కలోకి తీసుకోవాలి.

కుర్రవాని పాదం పొడవు ఇరవై అయిదున్నర సెంటీమీటర్లు. వెడల్పు పదకొండుకు రెండు మిల్లీమీటర్లు తక్కువ. ఈ రెండు అంకెలు కాగితం మీద రాసుకుని మళ్ళీ బయలుదేరాము. ఈసారి ఈ విలేకరి కూడా వెంట వెళ్ళాడు.

దుకాణంలో చూడవలసినవి

మొదటి మాట. ముందు పొడవు చూడాలి, తరువాత వెడల్పు. వెడల్పు చాలకపోతే నంబరు పెంచకూడదు, రకం మార్చాలి. వేళ్ళ కొసలు బూటు ముక్కుకు తగలాలి. కొత్తగా నేర్చుకునేవారికి వేళ్ళు చాపుకుని, లేదా అతి కొద్దిగా వంగి ఉంటే చాలు. అనుభవజ్ఞులు ముడుచుకున్న వేళ్ళతో బిగుతు బూట్లు తొడుగుతారు. వారిని చూసి కొత్తవారు అలా కొనరాదు.

రెండో మాట. మడమ దగ్గర ఖాళీ ఉండకూడదు. మన పాదం చాలావరకు వేళ్ళ దగ్గర వెడల్పు, మడమ దగ్గర సన్నం. మునివేళ్ళ మీద నిలబడినప్పుడు మడమ జారిపోతే ఆ బూటు వద్దు.

మూడో మాట. తాళ్ళ బూటు మన పాదానికి అనువైనది. వేళ్ళ వైపు తాడు వదులు చేసి, పైవైపు బిగించుకోవచ్చు. అంటుకునే పట్టీల బూటు తొడగడానికి, విడవడానికి సులువు గాని, ఎక్కడికక్కడ సర్దుకునే వీలు తక్కువ.

నాలుగో మాట. లోపల గుడ్డ వేయని తోలు బూటు వాడకంలో పాదానికి తగ్గట్టు సాగుతుంది. కృత్రిమ తోలు అంతగా సాగదు. కనుక తోలు బూటు కొన్ననాడు కాస్త బిగువుగా ఉండవచ్చు. కృత్రిమ తోలైతే కొన్ననాడే సరిపోవాలి. అయితే ముందు భాగమంతా రబ్బరు చుట్టి ఉంటే, తోలైనా అక్కడ సాగేది తక్కువే.

అయిదో మాట. మగవారికి, ఆడవారికి అని రాసిన చీటీని పట్టించుకోనక్కరలేదు. సాధారణంగా ఆడవారి రకం సన్నగా, మగవారి రకం నిండుగా ఉంటుంది. పాదం వెడల్పుగా ఉన్న ఆడపిల్ల మగవారి రకం తొడిగితే తప్పేమీ లేదు. తాండాల నుంచి వచ్చే ఆడపిల్లలకు ఇది తెలియజెప్పాలి.

కొరియాకు చెందిన బుటోరా సంస్థ కొన్ని రకాలను సన్నం, వెడల్పు అని రెండు అచ్చుల్లో చేసింది. అమెరికాకు చెందిన ఎవాల్వ్ బూట్లకు కూడా వెడల్పు పాదాల వారిలో పేరుంది. ఇలాంటివి మన దేశంలో అన్నిచోట్లా దొరకవు. హైదరాబాదులో డెకాథ్లాన్ దుకాణాల్లో సిమాండ్ అనే పేరుతో కొత్తవారికి పనికివచ్చే రకాలు అమ్ముతారు. ధర వేలల్లోనే ఉంటుంది. విదేశీ రకాలకు పది వేలు దాటుతుంది. ఇంత డబ్బు పోసేటప్పుడు తొడిగి చూడకుండా కొనరాదు. తెప్పించుకోక తప్పకపోతే, సరిపోకుంటే మార్చి ఇచ్చే షరతు ఉన్నదో లేదో ముందే అడగాలి.

ఈ పొరపాట్లు వద్దు

బూటు తొడిగి దుకాణంలో అయిదు నిమిషాలు నిలబడాలి. గడప అంచు మీద మునివేళ్ళు మోపి బరువు వేసి చూడాలి. బిగువు తెలియాలి గాని పోటు పుట్టకూడదు. "తొడుగుతుంటే అదే వదులవుతది" అన్న మాట నమ్మి, వేలు మెలిపడే బూటు కొనరాదు. ఇరుకు బూటుతో గోళ్ళు నల్లబడతాయి, ఆనెకాయలు లేస్తాయి. ఏళ్ళ తరబడి అదే తొడిగితే బొటనవేలు పక్కకు ఒరుగుతుంది. వేళ్ళు తిమ్మిరెక్కితే వెంటనే విడిచేయాలి. చక్కెర వ్యాధి ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా బిగుతు బూట్లు తొడగరాదు. వారికి పుండు పడిన సంగతి తెలియకుండానే ముదురుతుంది.

ఒకసారి ఎక్కి దిగాక బూటు విడిచి, వేళ్ళు ఆడించాలి. బండ బూటుతో తోవ వెంట నడవకూడదు. సోలు అరిగిపోతుంది. ఎండలో, ఇంజను మీద పెడితే జిగురు ఊడుతుంది. సోలుకు మట్టి అంటితే తడిగుడ్డతో తుడవాలి. సోలు అరిగితే ఊళ్ళో మామూలు రబ్బరు వేయించి ఎక్కడం ప్రమాదకరం. ఆ రబ్బరుకు బండను పట్టే గుణం ఉండదు.

పాపన్న అడుగుజాడ

జనగామ వారికి కోట ఎక్కడం కొత్త కాదు. రఘునాథపల్లి మండలం ఖిలాషాపురం సర్వాయి పాపన్న కోట ఉన్న ఊరు. కల్లుగీత కుటుంబంలో పుట్టిన పాపన్న 1708లో వరంగల్లు మీద, భువనగిరి మీద దండెత్తాడు. ఆనాడు ఆయన వెంట నడిచిన వారి కాళ్ళకు ఏ నంబరు బూట్లు ఉన్నాయి?

నేటికీ మన గీత కార్మికులు కాళ్ళకు గుజి వేసుకుని, మోకు సాయంతో ఒట్టి పాదాలతోనే తాటిచెట్టు ఎక్కుతున్నారు. చెట్టు మీదనుంచి పడి నడుములు విరిగిన ఇళ్ళు, మగదిక్కు కోల్పోయిన ఇళ్ళు ప్రతి మండలంలోనూ ఉన్నాయి. 2024 జులైలో రాష్ట్ర ప్రభుత్వం కాటమయ్య రక్షక కవచం పేరుతో గీత కార్మికులకు రక్షణ సామగ్రి ఇవ్వడం ప్రారంభించింది. అందులోని తాళ్ళు, నడుంపట్టీలు కొండలెక్కేవారు వాడే తరహావే. కొండ నుంచి చెట్టుకు తాడు వచ్చింది. చెట్టు నుంచి కొండకు వెళ్ళే బిడ్డకు సరైన బూటు కూడా అందాలి కదా.

దీనికి పెద్ద ఖర్చు అక్కరలేదు. శిబిరాలు నడిపేవారు ప్రతి నంబరులో ఒక సన్న జత, ఒక వెడల్పు జత ఉంచితే చాలు. పిల్లలు తొడిగి చూసి, తమకు ఏది తగునో తెలుసుకుని కొనుక్కుంటారు. గురుకులాల్లో వ్యాయామ ఉపాధ్యాయులు ఏటా ఎత్తు, బరువుతో పాటు పాదం పొడవు, వెడల్పు కూడా రాసిపెట్టవచ్చు. పిల్లలకు పంచే బూట్లకు కూడా ఆ లెక్క ఉపకరిస్తుంది. భూపాలపల్లి బొగ్గు గనుల్లో ఇనుప ముక్కు బూట్లు తొడిగి షిఫ్టు దిగే కార్మికుణ్ణి అడిగినా, పాదం వెడల్పు సంగతి ఎంత ముఖ్యమో చెబుతాడు.

కుర్రవాని కథ చెప్పి ముగిస్తాను. రెండోసారి వెళ్ళినప్పుడు నాలుగు రకాలు తొడిగి చూశాడు. మూడు పనికి రాలేదు. నాలుగోది తోలుది, తాళ్ళది, ఏడున్నర నంబరు. వేళ్ళు చాపుకుని ముక్కుకు తగిలాయి. మడమ కదలలేదు. తొమ్మిదో నంబరు జతను శిబిరంలోనే పెద్ద పాదాల వాడొకడు సగం ధరకు తీసుకున్నాడు. శిక్షణకు పేరు ఇవ్వడానికి గడువు ఇంకా నాలుగు రోజులు ఉండగానే కుర్రవాడు దరఖాస్తు పంపాడు.

కొత్త బూట్లు చూసి తాత వాటిని చేతిలోకి తీసుకుని, సోలు మీద బొటనవేలితో రాసి చూశాడు. తన పాదం పక్కన పెట్టి కొలిచాడు. "గిది తాటిపట్టకు అంటుతదా?" అని అడిగాడు. మనుమడు నవ్వి, "తాటికి నీ కాలే మంచిది తాతా, గిది బండకు" అన్నాడు.

తాత ఇక ఏమీ అనలేదు. బూట్లను ఎండ తగలని చోట, మోకు తగిలించే కొయ్య కింద పెట్టాడు.